నాలుగు చెప్పులంత నేల



ఈ వారం టైర్ల గురించి రాస్తున్నాను. అవును, కారు టైర్ల గురించే. వర్గీకరణ మీద రాయమని, యూనివర్సిటీల్లో బ్యాక్‌లాగ్ పోస్టుల మీద రాయమని అడిగిన విద్యార్థులు ఒక్క వారం ఓపిక పట్టండి. "సారుకు కారు వచ్చింది, ఇంక రాతలు కూడా కారు మీదనే" అని నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి. చదివినాక మాట్లాడుకుందాం.

నాది సెకండ్ హ్యాండ్ స్విఫ్ట్. తిరుపతిలో ఇల్లు, చిత్తూరులో కాలేజీ. పోను రాను దాదాపు 140 కిలోమీటర్లు. వారంలో మూడు రోజులు బస్సు, రెండు రోజులు కారు. శని, ఆదివారాలు మాత్రం ఆ కారు నాది కాదు. సత్యవేడు, పుంగనూరు, కుప్పం, శ్రీకాళహస్తి... ఏ వాడలో ఏం జరిగినా నిజనిర్ధారణకు పోవాలంటే ఫోను నాకే వస్తుంది. మా గుంపులో నాలుగు చక్రాల బండి ఉన్నది నాకొక్కడికే. ఐదుగురం ఎక్కుతాం. డిక్కీలో ఫ్లెక్సీలు, కరపత్రాలు, ఒక చిన్న మైకుసెట్టు. పోయేటప్పుడు పగలు, వచ్చేటప్పుడు అర్ధరాత్రి. బాధితులు ఇంటి పనులు, కూలి పనులు ముగించుకొని మన ముందు కూర్చునేసరికి పొద్దు వాలిపోతుంది కదా.

పోయిన నెల సర్వీసింగ్‌కు ఇస్తే మెకానిక్ టైరు గాడిలో వేలు పెట్టి చూపించాడు. ప్రతి టైరు గాడిలోనూ అడుగున అక్కడక్కడ చిన్న గట్టులాంటిది ఉంటుంది. దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. పైన రబ్బరు అరిగి ఆ గట్టుతో సమానమైతే ఆ టైరు ఆయుష్షు తీరినట్టే. నావి నాలుగూ దానికి వెంట్రుకవాసి దూరంలో ఉన్నాయి.

"వానలు రాకముందే మార్చేయండి సార్" అన్నాడు.

మన ప్రాంతం వాళ్ళకు ఈ మాట విడమరిచి చెప్పనక్కరలేదు. మిగతా ఆంధ్రలో వానలు వెనకబట్టే సమయానికి మనకు మొదలవుతాయి. 2021 నవంబరులో తిరుపతి వీధులు ఏర్లైపోయిన రోజులు, రాయలచెరువు కట్ట తెగుతుందేమోనని ఊళ్ళు ఖాళీ చేసిన రాత్రులు మరిచిపోయినవాళ్ళెవరు? తుపాను వానలో భాకరాపేట ఘాట్ దిగడం ఎట్లుంటుందో ఆ దారిలో తిరిగినవాళ్ళకు తెలుసు. 2022 మార్చిలో ధర్మవరం నుంచి నిశ్చితార్థానికి వస్తున్న బస్సు ఆ లోయలోనే పడింది. నేను ఆ మలుపు దాటిన ప్రతిసారీ వెనక సీట్లో మాటలు ఆగిపోతాయి.

సరే, టైర్లు మార్చాలి. ఏ టైర్లు? ఇక్కడే మా ఇంట్లో పంచాయితీ మొదలైంది.

మా అక్క కొడుకు డిప్లొమా చేసి శ్రీసిటీ వైపు ఒక కంపెనీలో పని చేస్తాడు. బండ్లంటే వాడికి ప్రాణం. ఫోనులో బొమ్మలు చూపించాడు.

"మామా, పదహారు అంగుళాల అలాయ్ వీల్స్ ఏపిద్దాం. 195/55 సైజు పెర్ఫార్మెన్స్ టైర్లు. కారు వచ్చి నిలబడితే చూసినోడు పక్కకు జరగాల."

"ఎవర్రా పక్కకు జరగాల్సింది?"

"నీకు తెలీదా మామా? మనం ఊర్లోకి పోతే ముందు బండిని చూస్తారు, ఆ తర్వాతే మనిషిని చూస్తారు. పాత ఇనప చక్రాల బండిలో దిగితే ఎస్సై కూడా కుర్చీ చూపించడు."

నేను వెంటనే కాదనలేకపోయాను. వాడి మాటలో నిజముంది. మా నాయన చిన్నప్పుడు ఊరి నడివీధిలోకి పోవాలంటే చెప్పులు విప్పి చేత పట్టుకోవాలి. ఆ వీధిలో అందరి కాళ్ళకున్న చెప్పులూ మా తాత కుట్టినవే. కుట్టినోడు మాత్రం వట్టికాళ్ళతో నడవాలి. సైకిలు వచ్చినాక కూడా అంతే. వీధి మొదట్లో దిగి, తోసుకుంటూ పోయి, వీధి చివర మళ్ళీ ఎక్కాలి. మనిషికి, నేలకు మధ్య ఏముండాలో కులం తీర్మానించిన చోట పుట్టినవాళ్ళం మేము. అందుకే నా మేనల్లుడు మెరిసే చక్రం కావాలంటే దాన్ని కుర్రతనం అని తీసిపారెయ్యను. పెళ్ళికొడుకు గుర్రమెక్కితే రాళ్ళు వేసే దేశంలో బండికి ఉండే అర్థం వేరు.

కానీ వాడు అడిగిన టైరు అసలేమిటో తెలుసుకోకుండా అవును అనలేను కదా. పరిశోధన చేసినవాడికి ఉండే జబ్బు ఇది. నెల రోజులు టైరు పక్కన రాసి ఉండే అక్షరాలను చదువుతూ కూర్చున్నాను. మీకూ పనికొస్తుంది కాబట్టి చెబుతాను.

నా కారుకు కంపెనీ ఇచ్చిన సైజు 165/80 ఆర్ 14. మొదటి అంకె టైరు వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో ఎన్నో శాతం టైరు గోడ ఎత్తు. 165లో 80 శాతం అంటే 132 మిల్లీమీటర్లు. ఆర్ అంటే రేడియల్, 14 అంటే చక్రం అడ్డుకొలత అంగుళాల్లో. మొత్తం లెక్కేస్తే టైరు ఎత్తు 620 మిల్లీమీటర్ల దగ్గరికి వస్తుంది. సైజు మార్చినా ఈ మొత్తం ఎత్తు 3 శాతానికి మించి తేడా రాకూడదు. వస్తే స్పీడోమీటరు అబద్ధం చెబుతుంది, బ్రేకు లెక్క తప్పుతుంది.

మేనల్లుడు అడిగిన 195/55 ఆర్ 16 లెక్కేస్తే మొత్తం ఎత్తు 621. అంటే సరిపోతుంది. కానీ గోడ ఎత్తు 107కు పడిపోతుంది. చక్రం పెద్దదైన మేరకు రబ్బరు గోడ పొట్టిదైంది. పొట్టి గోడ మలుపులో వంగదు. స్టీరింగు ఎంత తిప్పితే బండి అంత తిరుగుతుంది. పెర్ఫార్మెన్స్ టైరు అంటే సగం ఇదే. మిగతా సగం రబ్బరు మెత్తదనం. మెత్తటి రబ్బరు రోడ్డును గట్టిగా పట్టుకుంటుంది. మంచి రోడ్డు మీద వేగంగా పోయేవాడికి అది వరమే.

నేను పోయే దారులు అవేనా? జాతీయ రహదారి దిగి, మండల రోడ్డు దాటి, ఊరు దాటి, వాడలోకి పోవాలి. తారు ఊరి దాకా వస్తుంది. వాడకు వచ్చేసరికి గుంతలు. ఎన్నో ఊళ్ళలో రోడ్డు ఎక్కడ ఆగిందో చూస్తే చాలు, ఎవరి ఇల్లు ఎక్కడో చెప్పేయవచ్చు. అట్లాంటి గుంతలో పొట్టి గోడ టైరు పడితే దెబ్బ నేరుగా చక్రానికి తగులుతుంది. గోడ లోపలి దారాలు తెగి బుడిపె వస్తుంది. బుడిపె వచ్చిన టైరుకు రిపేరు లేదు, పారేయడమే. మెత్తటి రబ్బరు త్వరగా అరుగుతుంది కూడా. కొన్ని టైర్ల మీద ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది. అది ఎంత ఎక్కువైతే అంత నెమ్మదిగా అరుగుతుందని అర్థం. పట్టుకు పెట్టిన టైర్లలో ఆ అంకె తక్కువగా ఉంటుంది.

మరి పాత సైజే వేసుకోవచ్చు కదా? వేసుకోవచ్చు. కానీ 165 వెడల్పులో దొరికేవి ఎక్కువగా మైలేజీ కోసం, ఎక్కువ కాలం మన్నడం కోసం చేసినవి. గట్టి రబ్బరు. తడి రోడ్డు మీద బ్రేకు తొక్కినప్పుడు దాని సంగతి తెలుస్తుంది. పట్టు, మన్నిక, మైలేజీ, ఈ మూడింటినీ ఒకేసారి పెంచడం టైరు చేసేవాళ్ళకు కష్టం. ఒకటి పెంచితే ఇంకొకటి తగ్గుతుంది. రబ్బరులో సిలికా కలపడం వంటి ఉపాయాలతో కొంత సర్దుతున్నారు. 2022లో కేంద్ర రవాణా శాఖ తడి నేల మీద పట్టుకు, దొర్లేటప్పుడు కలిగే నిరోధానికి, శబ్దానికి ప్రమాణాలు నోటిఫై చేసింది. అంటే తడి పట్టు అనేది షోకు కాదని, ప్రాణానికి సంబంధించిన సంగతని ప్రభుత్వం కూడా ఒప్పుకున్నట్టే.

మధ్యలో ఇంకో సైజు ఉంది. 185/70 ఆర్ 14. ఉన్న ఇనప చక్రానికే ఎక్కుతుంది. మొత్తం ఎత్తు 615. పాతదానితో తేడా ఒక శాతం కూడా లేదు. గోడ ఎత్తు 129.5, అంటే గుంతలో కాపాడే రబ్బరు దాదాపు అంతే ఉంటుంది. నేల మీద వెడల్పు మాత్రం పెరుగుతుంది. పాత టైరు బరువు సూచిక 85, అంటే ఒక్కో టైరు 515 కిలోలు మోస్తుంది. దీనిది 88, అంటే 560 కిలోలు. ఐదుగురు మనుషులు, మైకుసెట్టు ఎక్కే బండికి ఆ 45 కిలోలు ఊరికే పోవు. ఈ సైజులో తడి పట్టుకు పేరున్న రకాలు కూడా దొరుకుతాయి.

ఖర్చు చూద్దాం. అలాయ్ చక్రాలు, పదహారు అంగుళాల టైర్లు కలిపి నాకు చెప్పిన ధర 60 వేల పైన. 185 సైజు నాలుగూ కలిపి 23 వేలు. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, అది తగ్గినాక మాట ఇది. తేడా 37 వేలు. ఆ డబ్బుతో ఏమేం చేయవచ్చో మన పిల్లల హాస్టల్ బకాయిలు తెలిసినవాళ్ళకు నేను చెప్పాలా?

అయినా నేను డబ్బు లెక్కతో మేనల్లుడి నోరు మూయించదలచుకోలేదు. వాడు అడిగింది గౌరవం. గౌరవానికి లెక్క చెబితే అది అవమానమే అవుతుంది. అందుకని వాడికి బాబాసాహెబ్ టాంగా కథ చెప్పాను.

'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' చదివినవాళ్ళకు తెలుసు. 1929లో బొంబాయి ప్రభుత్వం వేసిన కమిటీ సభ్యుడిగా అంబేడ్కర్ ఖాందేశ్ ప్రాంతంలో ఒక సాంఘిక బహిష్కరణ కేసు విచారించడానికి పోయాడు. ఇప్పటి మాటలో నిజనిర్ధారణ. తిరిగి వస్తూ చాలీస్‌గావ్‌లో దిగితే అక్కడి మహర్‌వాడ జనం ఆ రాత్రికి ఉండమని బతిమాలారు. స్టేషను నుంచి వాడకు తీసుకుపోవడానికి టాంగా కావాలి. టాంగా తోలేవాళ్ళెవరూ ఒక మహరును ఎక్కించుకొని తోలడానికి ఒప్పుకోలేదు. చివరికి ఒక రాజీ కుదిరింది. బండి అద్దెకిస్తారు, తోలడం మాత్రం మీరే చూసుకోండని. వాడ మనిషి ఒకాయన పగ్గాలు పట్టుకున్నాడు. ఆయనకు తోలడం రాదు. దారిలో నది మీద కల్వర్టు దగ్గర చక్రం రాళ్ళ మధ్య ఇరుక్కుంది. గుర్రం, బండి నదిలో పడ్డాయి. అంబేడ్కర్ రాతి పరుపు మీదికి ఎగిరిపడ్డాడు. కాలు విరిగింది.

ఆ సంగతి రాస్తూ ఆయన టాంగావాళ్ళను మాత్రమే తప్పుబట్టి ఊరుకోలేదు. తన అతిథి నడిచి రాకూడదన్న గౌరవం కోసం వాడ జనం ఆ అతిథి భద్రతను పక్కన పెట్టారని కూడా గమనించాడు. ఆ జనం మీద ఆయనకు కోపం లేదు. ప్రేమతోనే చేశారని తెలుసు. వాళ్ళకు గౌరవం అంత కరువైంది కాబట్టే ప్రాణం రెండో స్థానానికి పోయిందని తెలుసు. కానీ ఆ కల్వర్టు మీద ఇరుక్కున్నది చక్రమే అన్న సంగతి నేను మరిచిపోలేను.

మేనల్లుడు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత అన్నాడు, "అట్టయితే మామా, ఇనప చక్రాలే ఉండనీ. కానీ ఆ చక్రాలకు రంగన్నా ఏపిస్తా." వేయించాడు కూడా. నల్లరంగు. బాగుంది.

టైరు పుట్టుక గురించి చదువుతుంటే ఇంకో దారి తెరుచుకుంది. 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ గంధకం కలిపి వేడి చేసి రబ్బరును గట్టిపరిచే పద్ధతి కనిపెట్టాడు. 1888లో బెల్‌ఫాస్ట్‌లో పశువైద్యుడు జాన్ బాయ్డ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలుకు గాలి నింపిన టైరు తయారు చేశాడు. పాఠ్యపుస్తకాల్లో కథ ఇక్కడ ఆగుతుంది. పిల్లవాడి సైకిలు, తండ్రి ప్రేమ. ఆ తర్వాత ప్రపంచానికి రబ్బరు కావాల్సి వచ్చింది. బెల్జియం రాజు రెండో లియోపోల్డ్ సొంత ఆస్తిగా ఏలిన కాంగోలో రబ్బరు కోటా తేలేకపోయిన నల్లజాతి మనుషుల మీద జరిగిన హింసకు నరికిన చేతుల ఫోటోలు సాక్ష్యంగా మిగిలాయి. 1908 దాకా సాగిన పాలన అది.

బ్రిటిష్ వాళ్ళు మలయాలో తోటలు వేశారు. ఆ తోటల్లో చెట్టుకు గాటు పెట్టి పాలు పట్టడానికి కంగాణీలు మద్రాసు ప్రెసిడెన్సీ పల్లెల్లో తిరిగి మనుషులను పోగుచేశారు. మద్రాసు, నాగపట్నం రేవుల్లో ఓడలెక్కించారు. ఎక్కువమంది తమిళులు, వాళ్ళతో పాటు మన తెలుగువాళ్ళు. ముఖ్యంగా ఉత్తరాంధ్ర జిల్లాల నుంచి పోయినవాళ్ళు. అందులో భూమి లేని అంటరాని కులాల వాళ్ళు ఎంతోమంది. 1938లో భారత ప్రభుత్వం ఆ వలసను నిషేధించేదాకా ఇది నడిచింది. పల్లెలో ఊరి బావి ముట్టనివ్వని చేతులు ప్రపంచం కార్లన్నిటికీ పాలు పితికాయి. తెలుగు సాహిత్యం మీద డాక్టరేట్ చేసినవాడిగా నాకొక వెలితి కనిపిస్తుంది. ఆ తోటల జీవితం మన ఎం.ఏ. సిలబస్‌లో నేను పాఠంగా చదువుకోలేదు, ఇప్పుడు పాఠంగా చెప్పడమూ లేదు. ఎవరైనా విద్యార్థి పరిశోధనాంశం వెతుకుతుంటే ఇదిగో.

మరీ దూరం పోనక్కరలేదు. సత్యవేడు దాటి తమిళనాడు సరిహద్దు అవతల తేర్వాయ్ కండిగై అనే ఊరుంది. దళితులు ఎక్కువగా ఉండే ఊరు. పశువుల మేతకు, కట్టెపుల్లలకు, చెరువులకు నీళ్ళకు ఆధారమైన భూముల్లో ప్రభుత్వం పారిశ్రామిక పార్కు పెట్టింది. ఊరు ఎదురు తిరిగింది. ఆ పార్కులోకి వచ్చినది మిషెలిన్ టైర్ల కర్మాగారం. 2012లో ఊరి సంఘం, తమిళనాడు భూమి హక్కుల సంఘాలు, ఫ్రాన్సులోని ఒక కార్మిక సంఘం, స్వచ్ఛంద సంస్థలు కలిసి ఫ్రాన్సులో ఫిర్యాదు వేశాయి. కంపెనీ ఆరోపణలను ఒప్పుకోలేదు. తీర్పు ఎట్లున్నా, పారిస్ దాకా పోయి మా మేత భూమి ఏదని అడిగిన దళిత ఊరు మన పొరుగున ఉందని మనలో ఎంతమందికి తెలుసు?

మన వైపు వరదయ్యపాళెం మండలం చినపండూరులో 2020 జూన్‌లో అపోలో టైర్ల కర్మాగారం మొదలైంది. కారు టైర్లు అక్కడ తయారవుతాయి. మన జిల్లా పిల్లలు పరిశ్రమల్లో ఉద్యోగాలకు పోవాలి, పోతున్నారు, మంచిదే. నేను కర్మాగారాలకు వ్యతిరేకిని కాదు. పల్లెలో కులం చెప్పిన పని తప్ప ఇంకో పని లేని బతుకు కంటే ఫ్యాక్టరీ షిఫ్టు నయమని బాబాసాహెబ్ దారిలో నడిచేవాళ్ళకు నేను చెప్పనక్కరలేదు. నేను అడిగేది ఒకటే. భూమి ఎవరిది పోయింది, పర్మనెంటు ఉద్యోగం ఎవరికి వచ్చింది, కాంట్రాక్టు పని ఎవరికి మిగిలింది? ఏ కర్మాగారం గేటు ముందైనా అడగవలసిన మూడు ప్రశ్నలు ఇవి.

ఇక కొనడానికి తిరుపతిలో ఒక టైర్ల షాపుకు పోయాను. ఓనరు మర్యాదగానే మాట్లాడాడు. ఏ ఊరు, ఏం ఉద్యోగం, ఇంటిపేరు ఏమిటి అని వరసగా అడిగాడు. ఆ మూడో ప్రశ్న ఎందుకో మనకు తెలుసు. తర్వాత "మీకు కాబట్టి" అని రెండు వేలు తగ్గించి ఒక సెట్టు చూపించాడు. అదే కంపెనీ, అదే సైజు. చక్రాలు విప్పుతున్న కుర్రాడు నా దగ్గరగా వచ్చి, "అన్నా, తారీఖు చూసుకో" అని గొణిగి పోయాడు.

టైరు గోడ మీద చిన్న గడిలో నాలుగంకెలు ఉంటాయి. మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. ఆ సెట్టు మీద 0822 అని ఉంది. 2022లో ఎనిమిదో వారం. మూడున్నరేళ్ళుగా మన ఎండల్లో రేకుల గోడౌనులో ఉన్న టైరు. వాడకపోయినా రబ్బరు ముసలిదవుతుంది. నేను గోరుతో నొక్కి చూశాను. మా నాయన నేర్పిన పరీక్ష అది.

మా నాయన టైరు చెప్పులు కోసేవాడు. మా తాత కాలంలో కపిల బాన తొండాలు, తోలు చెప్పులు. బావులకు మోటార్లు వచ్చి కపిలలు పోయాయి. తోలు ఖరీదైపోయింది. అప్పుడు లారీ టైర్లు ఆదుకున్నాయి. అరిగిపోయిన టైరు తెచ్చి, నీళ్ళు చల్లుకుంటూ రంపెతో కోసి, ఆరెతో పొడిచి, పట్టీలు బిగించి సంతలో అమ్మేవాడు. మామిడి తోటల్లో కాపలావాళ్ళు, గొర్రెల కాపరులు, కూలి ఆడవాళ్ళు కొనేవాళ్ళు. ముల్లు దిగదు, నీళ్ళకు చెడదు. ఏ టైరు కొనాలో ఆయన గోరుతో తేల్చేవాడు. "గోరు దిగి మళ్ళా పైకి లేస్తే ప్రాణముండాది నాయనా. దిగకపోతే అది రాయి." నా పీహెచ్‌డీలో వృత్తి పదాల మీద ఒక అధ్యాయం ఉంది. ఆ అధ్యాయానికి అసలు గైడు ఆయనే.

షాపులో నా గోరు దిగలేదు. కొత్త తారీఖు ఉన్నవే కావాలని కూర్చున్నాను. రెండు గంటల తర్వాత వేరే గోడౌను నుంచి వచ్చాయి. ఆ రెండు వేల తగ్గింపు పోయింది. పోనీ.

పాత టైర్లు ఇచ్చేయండి సార్, ఒక్కోదానికి మూడు వందలు ఇస్తానన్నాడు ఓనరు. ఏం చేస్తారని అడిగాను. "ఉంటారు సార్ కొనేవాళ్ళు" అన్నాడు. ఉంటారు. నాకు తెలుసు ఎవరో. కొత్తది కొనలేని పాత కారు డ్రైవరు. ఆ కారు వెనక సీట్లో ఆరుగురు. మదనపల్లె వైపు టమోటా కోతకు, పూతలపట్టు వైపు మామిడికాయల కోతకు తెల్లవారుజామున ఆటోల్లో, చిన్న ట్రక్కుల్లో మన ఆడవాళ్ళను కుక్కి తీసుకుపోతారు కదా. ఆ బండ్ల టైర్లను ఎప్పుడైనా చూశారా? నున్నగా, గాడి అనేది లేకుండా ఉంటాయి. ప్రమాదం జరిగితే మరునాడు పేపర్లో డ్రైవరు నిర్లక్ష్యం అని రాస్తారు, అతివేగం అని రాస్తారు. కూలి ఎంత ఇచ్చారు, బండి బాడుగ ఎంత కోసుకున్నారు, ఆ మిగులులో కొత్త టైరు కొనే వీలుందా అని ఎవరూ రాయరు. అరిగిన టైరు కూడా కులంలాగే కిందికే దిగుతుంది. పై వాళ్ళు వాడి వదిలిన ప్రమాదం కింది వాళ్ళ దగ్గర ఆగుతుంది.

కాబట్టి ఆ పన్నెండు వందలు తీసుకోలేదు. నాలుగు టైర్లనూ డిక్కీలో, సీట్ల మీద పేర్చుకొని ఊరికి తీసుకుపోయాను. మా నాయన చూసి నవ్వాడు. "ఇయ్యి కమ్మీల టైర్లు రా. ఈటితో చెప్పులు కావు." నిజమే. రేడియల్ టైరులో నేలను తాకే భాగం కింద ఉక్కు తీగల పట్టీలు ఉంటాయి. రంపెకు లొంగవు. లారీలు నైలాను టైర్ల నుంచి రేడియల్ వైపు మళ్ళేకొద్దీ మా నాయన పని పోయింది. ఆ మార్పు వల్ల లారీలకు మైలేజీ పెరిగింది, టైర్ల ఆయుష్షు పెరిగింది. సంతలో ఒక వృత్తి మాయమైంది. దాని గురించి ఎక్కడా ఒక్క లైను నాకు కనిపించలేదు. మా నాయన కూడా బాధపడలేదు. "పోనీలేరా, నువ్వు ఆ పని చెయ్యకూడదనే కదా చదివించింది" అన్నాడు.

కానీ టైరు గోడలో ఉక్కు ఉండదు, దారాలే ఉంటాయి. ఆయన అటకమీది రంపె దించి, సాన పట్టి, నాలుగు టైర్ల గోడలనూ చుట్టూ కోసేశాడు. ఇంక అవి ఎవరి బండి కిందికీ పోవు. డెబ్బై ఏళ్ళ చేయి వణకలేదు.

ఒక్కో టైరు నేలను తాకే చోటు ఎంతో తెలుసా? రమారమి ఒక చెప్పు అడుగంత. ఐదుగురు మనుషుల బరువు, వాళ్ళ వేగం, వాళ్ళ కోసం ఇంట్లో ఎదురుచూసేవాళ్ళు, అన్నీ నాలుగు చెప్పులంత నేల మీద ఆధారపడి ఉంటాయి. ఒకప్పుడు మనవాళ్ళను చెప్పులు విప్పమన్నారు. ఇప్పుడు ఎవరూ విప్పమనకపోయినా, అరిగిన చెప్పులతో మనమే బయలుదేరకూడదు.

విద్యార్థి మిత్రులకు, సంఘాల మిత్రులకు ఒక పని చెబుతాను. వచ్చే నెల అంబేడ్కర్ వర్ధంతి సభలకు, యాత్రలకు బండ్లు మాట్లాడుకుంటారు. తక్కువ బాడుగకు వచ్చిందని ఏ సుమోనో, ఏ ట్రావెలరో ఎక్కేయకండి. ఎక్కే ముందు నాలుగు చక్రాలూ తిరిగి చూడండి. గాడిలో గట్టు తేలిందా? గోడ మీద బుడిపె ఉందా, పగుళ్ళున్నాయా? నాలుగంకెల్లో చివరి రెండూ ఏ సంవత్సరం? గాలి ఎంత ఉందో చల్లగా ఉన్నప్పుడే చూడమనండి. డ్రైవరు డోరు పక్కన అంటించిన కాగితం మీద ఎంత ఉండాలో రాసి ఉంటుంది. గాలి తక్కువున్న టైరే మన ఎండలో వేడెక్కి పగులుతుంది. రెండు టైర్లు మాత్రమే కొత్తవి వేయగలిగితే అవి వెనక వేయమనండి. తడిలో వెనక చక్రం జారితే బండిని మళ్ళీ దారికి తేవడం మామూలు డ్రైవరు వల్ల కాదు. బాగాలేకపోతే ఎక్కమని చెప్పండి. సభ ఒక గంట ఆలస్యమైనా పర్వాలేదు.

ఇంకొకటి. మీ ఊరి నుంచి కూలికి పోయే బండి టైర్లను కూడా ఒకసారి చూడండి. ఫోటో తీయండి. బండి ఓనరుతో, కూలికి పిలిచిన రైతుతో, అవసరమైతే రవాణా శాఖ అధికారితో మాట్లాడండి. దీనికి సంఘం తీర్మానం అక్కరలేదు, పెన్ను, ఫోను చాలు.

వచ్చే వారం బ్యాక్‌లాగ్ పోస్టుల మీద రాస్తాను. మాట తప్పను.

జై భీమ్.